ఇది కాదు, ఇలాటిది

నా బరువు 20 కిలోలు. మా ఊళ్ళో ఏ ఇల్లాలైనా ఇంతకు రెండింతల గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వరిగట్టు మీద చకచకా నడిచిపోతుంది. కానీ నేను నెత్తిన ఒదిగే సరుకును కాను. 2 మీటర్ల 20 సెంటీమీటర్ల పొడుగు, పట్టుకునే చోట 28 మిల్లీమీటర్ల మందం. ఒంటి నిండా సన్నటి గళ్ళు చెక్కి ఉంటాయి. మా దగ్గర దాన్ని గరుకు అంటారు. ఆ గరుకు కొత్త అరచేతిని వారంలో కోసేస్తుంది, నెల తిరిగేసరికి కాయలు కట్టిస్తుంది. కాయలు కట్టిన చేతి జోలికి మళ్ళీ పోదు.

నన్ను రాడ్డు అంటారు. బరువులెత్తే రాడ్డుని. పుట్టింది జలంధర్‌లో, బతుకంతా నాగావళి ఒడ్డున. పంజాబులో పుట్టినదాన్ని శ్రీకాకుళం జిల్లాకు రప్పించింది ఒకే ఒక్క మనిషి. ఆమె నన్ను ఎన్నడూ ముట్టుకోలేదు.

2000వ సంవత్సరం, నెలగంట పెట్టిన రోజులు. తెల్లారగట్ల మంచులో నన్ను రైలు పార్సిలు పెట్టెలోంచి దించారు. దిగింది ఆమదాలవలసలో. బోర్డు మీద మాత్రం శ్రీకాకుళం రోడ్ అని ఉంది. జిల్లా కేంద్రానికి రైలు పట్టాలు లేవు గనక ఆ ఊరి పేరు తెచ్చి ఈ ఊరి స్టేషనుకు తగిలించారు. సొంత స్టేషను మీద సొంత పేరు లేని ఊరు అది. ఆ ఏడు సెప్టెంబరు 19 తర్వాత మాత్రం ఆమదాలవలస పేరు దేశమంతా పలికింది.

గోనెపట్టాలో చుట్టిన నన్ను ఇద్దరు కలాసీలు చెరో కొసా పట్టుకున్నారు.

"ఏటి బావూ ఇది, గునపమేటి?" అన్నాడొకడు.

నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మేస్టారు నవ్వాడు. "గునపం కాదురా. మొన్న మల్లీశ్వరి ఎత్తింది సూడు, అదే."

కలాసీ నన్ను ప్లాట్‌ఫాం మీద దించేసి, చేతులు తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు. "ఆయమ్మ ఎత్తింది ఇదేనేటి?"

"ఇది కాదు. ఇలాటిది."

అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ ప్రశ్న, ఆ జవాబు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

మేస్టారు హైస్కూల్లో వ్యాయామం మేస్టారు. సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరికి పతకం వచ్చిన కబురు విన్న మర్నాడు ఊరి రచ్చబండ దగ్గర నిలబడి, మనం ఆ పిల్లకి ఏం చేద్దాం అని అడిగాడట. ఒకరు ఊరేగింపు అన్నారు, ఒకరు పటం కట్టిద్దామన్నారు. ఆయన రాడ్డు కొందామన్నాడు. ధాన్యం అమ్మినవాళ్ళు, ఎండుచేపల గంపవాళ్ళు, కలకత్తాలోను విశాఖలోను కూలికి వెళ్ళి పండక్కి ఇంటికొచ్చినవాళ్ళు తలో కొంత వేశారు. అలా వచ్చాను నేను.

దింపింది తాలింఖానాలో. ఇప్పటి పిల్లలు జిమ్ అంటున్నారు గానీ, మా వైపు పాతవాళ్ళకి అది తాలింఖానాయే. నాలుగు తాటిదుంగలు, పైన రేకులు, కింద పేడ అలికిన నేల. మూలన సంగిడి రాళ్ళు పడి ఉండేవి. పండగల్లో వాటిని భుజమెత్తు ఎత్తి పడెయ్యడమే మగతనంగా చెల్లిన కాలం ఒకటి ఉండేది. గోడ మీద ఆంజనేయుడి పటం, పక్కన మీసాలు మెలితిప్పిన కోడి రామమూర్తి నాయుడి పటం. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని చూపించిన మనిషి ఆయన. సర్కసు కట్టి దేశాలు తిరిగాడు. 1942లో పోయాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. బరువు ఎత్తేవాణ్ణి నెత్తిన పెట్టుకోవడం ఈ నేలకు పాత అలవాటే. ఆ ఏడు కొత్తగా జరిగింది ఒకటే: ఆ రెండు పటాల పక్కన మూడో మేకు కొట్టి ఒక ఆడపిల్ల పటం తగిలించారు. ఎర్రబడ్డ మొహం, చాచిన చేతులు, నెత్తిమీద నాలాంటి రాడ్డు.

మొదట నా దగ్గరికి వచ్చింది ముగ్గురే పిల్లలు. గౌను మీద అన్న చొక్కా వేసుకుని వచ్చిందొక గుంట. మేస్టారు మొదటి నెలంతా నా మీద ఒక్క బరువు బిళ్ళ కూడా ఎక్కించలేదు. నాకంటే ముందు వెదురు బొంగు ఇచ్చి నేర్పాడు.

పట్టు ముందు నేర్పాలి. బొటనవేలు రాడ్డు చుట్టూ తిప్పి, దాని మీద మిగతా వేళ్ళు వేసి బిగించాలి. మొదట్లో ఆ వేలు నలిగి చచ్చిపోతుంది. పిల్లలు ఏడుస్తారు. ఆ ఏడుపు నాకు తెలుసు, వేడి చుక్కలు నా మీదే పడతాయి. తర్వాత నడుము. వెన్ను వంచకుండా కూర్చుని, కాళ్ళతో నేలను తన్ని లేవాలి. నన్ను మోకాలు దాటించి తొడకు రాసుకుంటూ పైకి లాగి, ఒక్క క్షణం ఒళ్ళంతా విల్లులా చాచి వదలాలి.

చూసేవాళ్ళకు తెలియని సంగతి ఒకటి ఇక్కడుంది. నన్ను చేతుల బలంతో నెత్తిమీదికి ఎత్తరు. అంత బరువును అలా ఎవరూ ఎత్తలేరు. లాగిన ఊపుకి నేను ఛాతీ ఎత్తున గాలిలో అర క్షణం ఆగుతాను. ఆ అర క్షణంలో ఎత్తేవాళ్ళు నా కిందికి దూరిపోవాలి. బరువు పైన ఉండగా దాని కిందికి వెళ్ళాలి. భయపడి వెనక్కి జరిగిన పిల్ల ఎంత బలం ఉన్నా ఎత్తలేదు. కిందికి దూరిన పిల్ల, బక్కదైనా, గొంతుక్కూర్చుని నన్ను నెత్తిమీద నిలుపుకుంటుంది. అక్కణ్ణుంచి లేవడం ఒక్కటే మిగిలింది. స్నాచ్‌లో ఇదంతా ఒకే ఊపులో జరగాలి. క్లీన్ అండ్ జెర్క్‌లో ముందు భుజాల మీదికి, ఆ తర్వాత నెత్తిమీదికి.

సాయంత్రం కసరత్తు అయ్యాక నా చివర్ల మీద చెరొకరు కూర్చుంటే మేస్టారు మల్లీశ్వరి కథ చెప్పేవాడు. ఏ యేటి పిల్లలకు ఆ ఏడు మళ్ళీ మొదటినుంచీ చెప్పేవాడు. నాకూ అలాగే తెలిసింది.

ఊసవానిపేట. ఆమదాలవలసను ఆనుకుని ఉన్న చిన్న పేట. అక్కడ 1975 జూన్ 1న పుట్టింది. తండ్రి కరణం మనోహర్ రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు, కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడినవాడు. అంటే ఆ ఇంట్లోకి ముందు వచ్చిన ఆట బంతిది. తర్వాత ఇనుము వచ్చింది. అక్కచెల్లెళ్ళంతా బరువులెత్తారు. ఈ పిల్లని మాత్రం మొదట బక్కపిల్ల, నీకెందుకన్నారట. తల్లి శ్యామల వెనక నిలబడింది. పన్నెండేళ్ళకి నీలంశెట్టి అప్పన్న దగ్గర రాడ్డు పట్టింది.

ఇక్కడ మేస్టారు వేళ్ళు మడిచి లెక్క చెప్పేవాడు. పన్నెండేళ్ళంటే 1987. ప్రపంచంలో ఆడవాళ్ళకు వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ పోటీలు మొట్టమొదట జరిగిందీ ఆ ఏడే, అమెరికాలో డేటోనా బీచ్‌లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి ఆ ఆట లేనేలేదు. ఇంకా పదమూడేళ్ళకు గానీ రాదు. తలుపే పెట్టని గదిలోకి వెళ్ళడానికి ఆ పిల్ల బయల్దేరింది.

ఆ రోజుల్లో ఆడవాళ్ళకని వేరే రాడ్డూ లేదు. 15 కిలోల సన్న రాడ్డు, 25 మిల్లీమీటర్ల మందంది, తర్వాత వచ్చింది. సిడ్నీలో ఆమె ఎత్తింది దాన్నే. కానీ ఆమె చేతులు కాయలు కట్టింది మగవాళ్ళ కోసం చేసిన 20 కిలోల రాడ్డు మీద, నాలాంటి దాని మీద. మేస్టారు ఈ మాట అన్న ప్రతిసారీ ఎవరో ఒక పిల్ల వంగి నన్ను నిమిరేది.

1990లో అక్క జాతీయ శిబిరానికి వెళ్తుంటే తోడు వెళ్ళింది. అక్కడ లియోనిద్ తరనెంకో కళ్ళలో పడింది. 1980 ఒలింపిక్ విజేత ఆయన. 1988లో 266 కిలోలు నెత్తిమీద నిలిపినవాడు. ఆ చూపు పడ్డ మూడేళ్ళకి, 1993లో, మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో 54 కిలోల తరగతిలో కాంస్యం. 1994లో ఇస్తాంబుల్‌లో స్వర్ణం. 1995లో చైనాలో, గ్వాంగ్‌జౌలో, మళ్ళీ స్వర్ణం. అర్జున, ఖేల్‌రత్న, 1999లో పద్మశ్రీ, ఇవన్నీ సిడ్నీకి ముందే వచ్చాయి. అయినా సిడ్నీకి వెళ్ళేనాటికి ఆమె 69 కిలోల తరగతికి మారింది, ఒళ్ళు చేసింది, ఇక అయిపోయిందని అన్నవాళ్ళున్నారు. అది చెప్పేటప్పుడు మేస్టారి గొంతు బరువెక్కేది. బరువులెత్తేదాన్ని బరువు పెరిగావని అనడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక సిడ్నీ. 2000 సెప్టెంబరు 19. నేనింకా రాడ్డును కాలేదు, ఏ గోదాములోనో ఉక్కు కడ్డీగా పడి ఉన్నాను. స్నాచ్‌లో 110 కిలోలు ఎత్తింది. క్లీన్ అండ్ జెర్క్‌లో 130. మొత్తం 240. చైనా లిన్ వైనింగ్‌కీ, హంగరీ ఎర్జెబెత్ మార్కుష్‌కీ చెరో 242.5. ఒంటి బరువు తక్కువున్న చైనా అమ్మాయికి స్వర్ణం దక్కింది. కాంస్యం మనకు.

మేస్టారు ఇక్కడ లేచి వెళ్ళి రెండు చిన్న బిళ్ళలు తెచ్చి పిల్లల ముందు నేల మీద పెట్టేవాడు. ఒక్కోటి కిలోంబావు. అరచేతిలో దాచుకోవచ్చు. రెండూ కలిపితే రెండున్నర.

"తేడా ఇదే," అనేవాడు.

ఆమె చివరి ఎత్తుకు 132.5 అడగలేదు, 137.5 అడిగింది. అదెత్తితే మొత్తం 247.5, ఇంక ఎవరికీ అందదు. నిలవలేదు. మేస్టారు ఆ మాట దాచేవాడు కాదు, దిద్దేవాడు కాదు. కింద పడ్డ ఎత్తు కూడా కథలో ఉండాలి. నాకు తెలిసి, నన్ను ఎత్తిన పిల్లల్లో నిలిపిన ఎత్తుల కన్నా జారిన ఎత్తులే ఎక్కువ. ఆ ఏడు సిడ్నీ నుంచి దేశానికి వచ్చిన పతకం అదొక్కటే. స్వతంత్రం వచ్చాక ఒలింపిక్స్‌లో ఒంటరిగా పతకం తెచ్చింది 1952లో జాదవ్, 1996లో పేస్, ఆ తర్వాత ఈమె. మన ఆడవాళ్ళలో మొదటిది.

నేను వచ్చాక ఆమె పోటీ బతుకు ఎక్కువ కాలం సాగలేదు. 2001లో తల్లయింది. 2002 కామన్వెల్త్ క్రీడలకి వెళ్ళాల్సిన వేళ తండ్రి పోయారు. 2004లో ఏథెన్స్ తర్వాత రాడ్డు దించేసింది. పెళ్ళితో చేరిన హర్యానా యమునానగర్‌లోనే పిల్లలకు నేర్పుతోంది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలరు అయింది. ఊరి పేరులోనే వలస ఉన్న మనిషి, అంత దూరం పోయి నిలిచింది. అక్కడి పిల్లలకు ఆమె దొరికింది. ఇక్కడి పిల్లలకి గోడ మీద పటం, కింద నేను మిగిలాం.

సన్మానమంటే నాకూ ఒక అనుభవముంది. ఒకసారి పక్క ఊళ్ళో క్రీడాకారుల సన్మాన సభ పెట్టారు. వేదిక అలంకారానికి రాడ్డు కావాలని నన్ను ఆటోలో వేసుకెళ్ళారు. ఎర్ర గుడ్డ పరిచి, బిళ్ళలెక్కించి, బంతిపూల దండలు చుట్టారు. ఒకప్పటి లిఫ్టర్లు నలుగురికి శాలువాలు కప్పారు. ఒకాయన వేదిక దిగబోతూ నా పక్కన ఆగాడు. శాలువా భుజం మీదినుంచి జారుతుంటే ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో దండ పక్కకు జరిపి, నా గరుకు మీద బొటనవేలు తిప్పి బిగించాడు. పాత పట్టు, చెక్కుచెదరలేదు. వెనకనుంచి "రండి, ఫోటో" అన్నారు. వదిలేశాడు. ఆ రాత్రి తడిపూల దండలు నా మీదే ఉండిపోయాయి. తెల్లారేసరికి రెండుచోట్ల తుప్పు పొడిచింది. ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. దండ వేసినవాళ్ళ ప్రేమను నేను తప్పు పట్టను. కానీ ఆయన చెయ్యి ఇంకాసేపు ఉండాల్సింది. ఆ వయసులో ఎత్తలేకపోతే పోనీ, పిల్లల్ని నలుగుర్ని పిలిచి పట్టు చూపించమని అడిగితే ఆయన మొహం ఎలా వెలిగేదో!

2014లో రెండు సంగతులు జరిగాయి. జూలైలో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మత్స సంతోషి 53 కిలోల తరగతిలో పతకం కొట్టింది. మొదట కాంస్యమన్నారు, స్వర్ణం గెలిచిన అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికిపోవడంతో అది రజతమైంది. సంతోషిది విజయనగరం జిల్లా కొండవెలగాడ. నెల్లిమర్ల దగ్గర. ఆ ఊళ్ళో పిల్లలు నడకతో పాటు బరువులెత్తడం నేర్చుకుంటారని మా వైపు చెప్పుకుంటారు. ఆ రాత్రి మా షెడ్డులో పిల్లలు గోల గోల చేశారు. కొండవెలగాడ దూరమేం కాదు, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. సిడ్నీ పటంలా కాదు ఇది, పక్కింటి కబురు.

అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. మధ్యాహ్నం దాటాక రేకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. తాటిదుంగ ఒకటి నా మీద పడింది. నేను వంగలేదు, మంచి ఉక్కు నాది. కానీ వరద నీరు వచ్చి, ఒండ్రు పేరుకుని, దాని అడుగున తొమ్మిది రోజులు పడి ఉన్నాను. ఊరికి తిండీ నీళ్ళూ కరెంటూ కావాలి, నన్నెవరు చూస్తారు? గరుకులోకంతా తుప్పు పాకింది. కొసల్లో తిరగాల్సిన బొంగులు బిగుసుకుపోయాయి. పాత ఇనుము కొనేవాడు సైకిలు మీద వచ్చి నన్ను తూచబోయాడు.

"ఒరే, దాన్ని ముట్టుకోకు!" అని కేకేసింది ఒక గుంట. గౌను మీద అన్న చొక్కా వేసుకుని వచ్చిన ఆ పిల్లే. అప్పటికి ఆమె చంకలో తన పిల్ల ఉంది.

నన్ను నాగావళికి మోసుకెళ్ళి కడిగారు. చింతపండు పులుసు పట్టించి, ఇటుకపొడితో తోమారు. కిరసనాయిల్లో ముంచిన కొబ్బరి పీచుతో గడిగడికీ రుద్దారు. చివర కుట్టుమిషను నూనె రాశారు. మూడు రోజులకు నా కొసలు కిర్రుమంటూ తిరిగాయి. ఊరిలో సగం ఇళ్ళకింకా పైకప్పు లేదు. ఆ స్థితిలో వాళ్ళు నన్ను తోమారు. నాకు ఇంతకన్నా పెద్ద గౌరవం జరగలేదు, జరగనూ అక్కర్లేదు.

ఏటా సెప్టెంబరు 19న మా షెడ్డులో ఒకటి జరుగుతుంది. మైకుండదు, శాలువా ఉండదు. తెల్లారగానే నా మీద 130 కిలోలు ఎక్కిస్తారు. చెరో పక్కా ఇరవై ఐదు కిలోల బిళ్ళలు రెండేసి, పైన రెండున్నర, దాని మీద రెండున్నర కిలోల బిగింపు. నాతో కలిపితే లెక్క సరిపోతుంది. పక్కన నేల మీద ఆ కిలోంబావు బిళ్ళలు రెండూ పెడతారు. ఎవరూ ఎత్తరు. ఊళ్ళోవాళ్ళు పొలానికి పోతూ, బడికి పోతూ, చేపలమ్మి వస్తూ ఒక్కొక్కరే లోపలికి వస్తారు. కూర్చుని, నన్ను రెండు చేతులా పట్టుకుని, ఒక్కసారి లాగి చూస్తారు. నేను కదలను. ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు ఊపిరి బిగపట్టి లాగుతారు, చెవులెర్రబడతాయి, వదిలేస్తారు. ముసలమ్మలు కూడా వస్తారు. ఒకసారి ఒక మామ్మ ఉత్తినే చెయ్యి వేసి, కదలని నన్ను చూసి, "ఇంత బరువు ఆ పిల్ల ఎలా ఎత్తిందమ్మా" అని కళ్ళు ఒత్తుకుంది. పేపర్లో చదివిన 130 వేరు, చేతికి తగిలిన 130 వేరు. ఆ రోజు ఊరందరి చేతులకీ అది తెలుస్తుంది. ఆ చెమట నా మీద ఆరేదాకా ఎవరూ తుడవరు.

మేస్టారు ఇప్పుడు లేరు. మూడు పటాల పక్కన ఆయనకీ ఒక మేకు కొట్టారు. నేర్పేది ఆ గుంటే. ఇప్పుడు ఆమెనీ మేస్టారనే పిలుస్తారు.

మొన్న సెప్టెంబరులో పొద్దు వాలాక ఆమె బిళ్ళలు దించుతోంది. ముందు రెండున్నరలు, తర్వాత ఇరవై ఐదులు, ఒక పక్క ఒకటి, రెండో పక్క ఒకటి, నేను తూగి పడకుండా. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. గుమ్మం దగ్గర కొత్త పిల్ల నిలబడి ఉంది. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి. చెప్పులు బయట విడిచి, నా దాకా వచ్చి, ముట్టుకోబోయి ఆగింది.

"మేస్టారూ, మల్లీశ్వరి ఎత్తింది ఇదేనేటి?"

"ఇది కాదు. ఇలాటిది," అంది ఆమె. సుద్దపొడి డబ్బా పిల్ల వైపు జరిపింది. "పట్టుకో."